బంగారు గీతల మీద బొటనవేలు

మా పనిగదిలో ఎప్పుడూ పసుపు దీపమే. గాలిలో మందుల ఘాటు. ఉల్లిపొర కన్నా పలచని ప్లాస్టిక్ పొర మీదికి బంగారాన్ని ఆవిరిగా దించి, వెంట్రుక కన్నా సన్నని గీతలు వేస్తాం. ఒంటికి అంటిస్తే గుండె చప్పుడు పట్టే పట్టీలవి. పొరని ఉత్త చేత్తో తాకకూడదు. వేలి జిడ్డు అంటినచోట బంగారం నిలవదు.

ఈ ముక్క చెల్లికి చెవినిల్లు కట్టుకుని పోరాను. "అబ్బా, నీ చాదస్తం అక్కా!" అంటూ గ్లౌజు తీసేసి మరీ నొక్కేది. బంగారంలో దాని బొటనవేలి ముద్ర, మధ్యలో పాత కత్తిగాటుతో సహా, ఖాళీగా తేలేది. తిట్టిపోసేదాన్ని. ఇప్పుడు తిడదామంటే అది లేదు. పోయిన వానాకాలం జ్వరం దాన్ని తీసుకుపోయింది. దాని కూతురు చిట్టి నా దగ్గరే ఉంటోంది.

చిట్టికి నిద్రలో గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంది. అలా ఆగగానే గంట మోగించే పట్టీ చేస్తానని చెల్లి మొదలుపెట్టింది. పూర్తి చెయ్యకుండానే పోయింది. ఆ పని నేను అందుకున్నాను.

మొదటి పొర కడిగి దీపం కింద పెట్టాను. గీతల మధ్య ఖాళీ. బొటనవేలు. నడుమ గాటు.

గదిలో నేనొక్కదాన్నే. చేతులకి గ్లౌజులున్నాయి. కొత్త పొర తీసి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే... అదే చోట. గంట మోగించే గీత మీదే.

గంట మోగకూడదని దాని ఉద్దేశం. పిల్లని తన దగ్గరికి...

"ఒసేయ్," అన్నాను గొంతు తగ్గించి. "ఒంటరిగా ఉన్నావని తెలుసే. నేనూ అంతే. దీన్ని నాకుంచవే..."

మందుల ఘాటులోంచి ఒక్క క్షణం దాని సబ్బు వాసన వచ్చింది. మూడో పొర మచ్చ లేకుండా వచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మధ్యాహ్నం చిట్టి ఛాతీకి పట్టీ అంటించి పడుకోబెట్టాను. గంట మోగలేదు. లేచి నవ్వింది.

"పెద్దమ్మా, అమ్మొచ్చింది."

"ఏమంది?"

"ఇంకొన్నాళ్ళు నీ దగ్గరే ఉండమంది."

"ఎన్నాళ్ళు?"

"నేనూ అడిగా. ఇక్కడ నొక్కి వెళ్ళిపోయింది."

పట్టీ ఊడదీశాను. గీతలు చెక్కుచెదరలేదు. గంట మోగించే గీత కిందే, పిల్ల ఒంటి మీద, బంగారు బొటనవేలి ముద్ర. నడుమ గాటు. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

పట్టీ మళ్ళీ అంటించి, చిట్టిని జోకొట్టి, గుండె మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

గుండె ఆగింది... మళ్ళీ కొట్టుకుంది.

గంట మోగలేదు.