రొయ్యలమ్మే ఆమెకు ఇంగ్లీషు రాదు

విల్ఫ్ గార్సైడ్ శవం పరాయి దేశపు రేవులో తేలిన మూడోరోజు పొద్దున, ఓడసామాన్ల కొట్టు పైనున్న గదిలోకి రెగ్లా బోర్కెస్ తలుపు తట్టకుండానే వచ్చింది.

లోపల లొసోయా కాల్చిన రొట్టె మీద ఆలివ్ నూనె పోసుకుంటున్నాడు. గూఢచారి శాఖ దక్షిణ విభాగానికి అతనే పెద్ద. మాద్రిద్ నుంచి కాదిస్‌కి బదిలీ అయి ఏడాది దాటినా ఈ ఊరి గాలిని తిట్టుకోవడం మాత్రం మానలేదు.

"కూర్చో," అన్నాడు.

"నిలబడే మాట్లాడతాను. ఇరవై నాలుగేళ్ళవాడు సార్. విమానం ఎక్కకముందే ఆపమని రాశాను. రెండుసార్లు రాశాను."

"చూశాను."

"చూసి?"

"ఆ సిగ్నల్ ఎక్కడికి చేరుతుందో తెలియాలి కదా. అందుకే పోనిచ్చాం."

"సిగ్నల్ చేరింది. వాడే రాలేదు."

లొసోయా రొట్టె పక్కన పెట్టాడు. రెగ్లాకు నలభై ఏడేళ్ళు. ఇదే ఊళ్ళో, ఓడల కర్మాగారంలో వెల్డింగ్ పనిచేసే తండ్రికి పుట్టింది. కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. ఇప్పుడు ఆమె గొంతు దాదాపు వినపడటం లేదు.

సంగతి ఇది. పాతబస్తీలో ఒక శిక్షణ పాఠశాల ఉంది. ఇంగ్లీషు దేశాల కుర్రకారు అక్కడికి వచ్చి, పరాయి దేశాల్లో ఇంగ్లీషు ఎలా చెప్పాలో నెలరోజులు నేర్చుకుని, సర్టిఫికెట్ పట్టుకుని ప్రపంచం మీద పడతారు. పొద్దున పాఠాలు, సాయంత్రం సముద్రస్నానం, చీకటి పడ్డాక కాగితం పొట్లాల్లో వేయించిన చేపలు. వాళ్ళు చెప్పడం సాధన చెయ్యాలి కాబట్టి ఊళ్ళోవాళ్ళకు ఉచితంగా క్లాసులు పెడతారు. ఆ ఉచిత విద్యార్థుల్లో రెగ్లా ఒకతె. అక్కడివాళ్ళకు తెలిసినంతవరకు ఆమె పెద్ద మార్కెట్‌లో రొయ్యలమ్మే మనిషి, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు, చెవుడు కూడా. చెవిలో ఉన్న వినికిడి మిషన్ నిజానికి లొసోయాతో మాట్లాడే రేడియో.

పక్కకొట్టు క్రిస్పిన్‌కి మాత్రం ఇదంతా పెద్ద వేడుక. "ఏమ్మా రెగ్లా, ఇంగ్లీషొచ్చాక ఆ దేశపు రాణిగారింటికే రొయ్యలు మోస్తావా?" అని రోజూ దెప్పేవాడు.

విల్ఫ్ ఆమెకు మొదటి పాఠం చెప్పినవాడు. "గుడ్ మార్నింగ్" అనడానికి ఆమె పదిహేను నిమిషాలు తీసుకుంటే, విసుక్కోకుండా పదిహేను నిమిషాలూ నవ్వుతూ నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు పాఠశాలవాళ్ళు వాడికొక బోధన పెట్టె ఇచ్చారు. బొమ్మల కార్డులు, రంగు సుద్దలు, ఒక చిన్న రికార్డర్. ఆ రికార్డర్ లోపల ట్రాన్స్‌మిటర్ ఉందని వాడికి తెలియదు. వాడు పాఠం చెప్పే ఇంటి యజమాని ఒక నౌకాదళ అధికారి. అక్కడి కాపలావాళ్ళు దాన్ని కనిపెట్టారు. పాఠశాల చాటున దాన్ని పంపిన ఆయుధాల ముఠాకి పోయిందేమీ లేదు. పోయింది విల్ఫ్.

"తరువాతిది శుక్రవారం," అన్నాడు లొసోయా. "ఓర్లా టియెర్నీ, ఐరిష్ అమ్మాయి. ఇంకో దేశంలో ఒక అడ్మిరల్‌గారి ఇద్దరు కూతుళ్ళకు ట్యూషన్. ఆ అడ్మిరల్ వచ్చేవారం ఆయుధాల దొంగరవాణాని ఆపే ఒప్పందం మీద సంతకం చేస్తున్నాడు. ముఠా అతని మాటలు వినాలనుకుంటోంది. నువ్వు చూస్తూ ఉండు, చాలు."

"మళ్ళీ చూస్తూ ఉండాలా?"

"ఈసారి లోపల మన మనిషి ఉంది. ఇమోజెన్ లాచ్‌ఫర్డ్."

రెగ్లా నవ్వింది. అందులో నవ్వేమీ లేదు. ఇమోజెన్ ఆ కోర్సుకి పెద్ద. ఆకుపచ్చ పట్టు గౌన్లు, ఎత్తు మడమలు, తలుపు తీసినట్టు మెత్తగా తెరుచుకునే గొంతు. ఆమె మెట్లు దిగుతుంటే వీధిలో బీరు తాగేవాళ్ళు గ్లాసులు కింద పెట్టేవారు.

"ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ఆమె మనకు పనిచేస్తోంది. రెండేళ్ళుగా రిపోర్టులిస్తోంది."

"విల్ఫ్ గురించి ఏం రిపోర్టిచ్చింది?"

లొసోయా మళ్ళీ రొట్టె అందుకున్నాడు.

*

బుధవారం నాటికి లెవాంతే గాలి పట్టుకుంది. తూర్పునుంచి వీచే ఆ వేడిగాలికి కాదిస్‌లో మొగుడూపెళ్ళాలు కారణం లేకుండా పోట్లాడుకుంటారు. క్లాసులో కిటికీ రెక్కలు దబదబ కొట్టుకుంటున్నాయి.

ఓర్లాకి అదేమీ పట్టలేదు. ఎర్రజుట్టు, ఎండకి కమిలిన ముక్కు, ఎప్పుడూ చేతులకి సుద్దపొడి. ముందురోజు విద్యార్థులందరినీ పాత వర్తకుల భవనం పైనున్న కావలి బురుజు ఎక్కించి, అక్కడినుంచి సముద్రం, పడవ, గోపురం అని చూపించి పాఠం చెప్పింది. ఈ ఊరు వదలాలంటే ఏడుపొస్తోందని తన వచ్చీరాని స్పానిష్‌లో చెప్పింది.

"రెగ్లా, నీకేం ఇష్టం? ఐ లైక్..."

"ఐ ఈజ్ లైకింగ్ రొయ్య," అంది రెగ్లా. క్లాసంతా నవ్వింది. ఓర్లా చప్పట్లు కొట్టింది.

క్లాసయ్యాక బోర్డు మీది మాటలు పుస్తకంలో ఎక్కించుకుంటూ రెగ్లా వెనకబడింది. అప్పుడే ఇమోజెన్ లోపలికి వచ్చింది. వెంట బూడిదరంగు సూటు వేసుకున్న ఫాబెర్ అనే మనిషి. కోర్సు తనిఖీకి వచ్చానని అందరికీ చెప్పుకున్నాడు. రెగ్లాని చూసి ఆగాడు.

"ఆమెకు చెవుడు, పైగా మొద్దు," అంది ఇమోజెన్ ఇంగ్లీషులో. "ఇన్ని నెలల్లో ముప్పై మాటలు కూడా రాలేదు. మాట్లాడు."

"పాత రికార్డర్ వినేది. ఇది మాట్లాడుతుంది," అన్నాడు ఫాబెర్. "ఎర్రబొత్తాం మొదటిసారి నొక్కితే నిద్రలేస్తుంది. రెండోసారి నొక్కితే ఆ గదిలో ఎవరూ మిగలరు. స్కానర్లకు దొరకదు."

"మొదటి పాఠంలో పిల్లల చేత చదివించి రికార్డు చెయ్యమన్నాను. అయిపోయాక నాన్నని పిలిచి, ఆయన ముందే ఆపి వినిపించమన్నాను. ఓర్లా చెప్పినట్టే చేస్తుంది, మంచి పిల్ల."

"పిల్లలు కూడా అక్కడే ఉంటారే."

"పిల్లలుంటేనే కదా ఆ తండ్రి గదిలోకి వచ్చేది," అంది ఇమోజెన్, వాచీ చూసుకుంటూ.

రెగ్లా తలెత్తలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో పెన్సిల్ ముక్కు విరిగింది. దాన్ని మళ్ళీ చెక్కుకుని, "ది బోట్ ఈజ్ వైట్" అని వంకర అక్షరాలతో పూర్తిచేసింది. లేచి ఇద్దరికీ పల్లెటూరిదానిలా తల వంచి, "బై బై టీచర్" అని బయటపడింది.

వీధి మలుపు తిరిగాక మిషన్‌లో మాట్లాడింది. విన్నదంతా చెప్పింది.

లొసోయా జవాబు వచ్చింది. "గంటక్రితమే ఇమోజెన్ రిపోర్టు పంపింది. పెట్టెలో ఉన్నది మామూలు ట్రాన్స్‌మిటరేనట."

"అంటే అబద్ధం చెబుతోందని అర్థం కాలేదా సార్?"

"నీ కోపం నిన్ను తప్పుగా వినేలా చేసుండొచ్చు. గాలి కూడా ఎక్కువగా ఉంది. శుక్రవారం మాద్రిద్ విమానాశ్రయంలో మనవాళ్ళు పెట్టె తీసి చూస్తారు. అప్పటిదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఇది ఆర్డర్."

"మధ్యలో ఆ పిల్ల బొత్తాం నొక్కితే?"

"ఎందుకు నొక్కుతుంది?"

దున్నపోతు మీద వాన కురిసినట్టే.

*

శుక్రవారం మధ్యాహ్నం సర్టిఫికెట్లు పంచారు. రెగ్లా రొయ్యల పిండట్లు వేయించి పళ్ళెం నిండా తెచ్చింది. ఆ వంకతో పెట్టెను మార్చేద్దామని ఆమె ఉద్దేశం. కానీ ఇమోజెన్ ఆ పెట్టెను చంకన పెట్టుకునే తిరిగింది. మాద్రిద్ రైలు అందుకోవడానికి ఓర్లాని టాక్సీ ఎక్కించాకే, కిటికీలోంచి ఒళ్ళో పెట్టింది. బుగ్గ మీద ముద్దుపెట్టి, "అక్కడికి చేరేదాకా ముట్టుకోకు తల్లీ," అంది.

రెగ్లా అల్మరా దగ్గరికి వెళ్ళింది. వినే పాఠాల కోసం అదే రకం రికార్డర్లు అక్కడ డజనుకి పైగా ఉన్నాయి. ఒకటి భుజం సంచిలో వేసుకుని, సందులకు అడ్డంపడి స్టేషన్‌కి పరుగెత్తింది.

"ఎక్కడికి?" చెవిలో లొసోయా గొంతు. "రెగ్లా, వెనక్కి రా. ఆపరేషన్ పాడుచేస్తున్నావు."

ఆమె మిషన్ పీకి జేబులో పడేసింది. కాదిస్‌లో తూర్పువైపు పరుగెత్తితే ఆ గాలి ఎదురు తోస్తుంది. ఇసుక కళ్ళలో పడుతోంది. రైలు కదలడానికి మూడు నిమిషాలుందనగా ప్లాట్‌ఫామ్ మీదికి చేరింది. నాలుగో బోగీలో ఎర్రజుట్టు కనిపించింది.

"రెగ్లా," ఓర్లా మొహం వెలిగిపోయింది. "నాకు వీడ్కోలు చెప్పడానికొచ్చావా? ఏడిపించకు. చూడు, ముట్టుకోవద్దన్నారు గాని, ఈ స్టేషన్ గోల, ఈ గాలి హోరు నాతో తీసుకెళ్ళాలనిపించింది. రికార్డు చేస్తున్నా."

ఆమె చేతిలో రికార్డర్ ఉంది. ఎర్రదీపం వెలుగుతోంది. మొదటి నొక్కు అయిపోయింది.

"నువ్వూ ఒక మాట చెప్పు. ఒక్క వాక్యం, ఇంగ్లీషులో. చెప్పాక ఆపేస్తా." బొటనవేలు బొత్తాం మీదికి వచ్చింది.

ఎదురుసీట్లో ఒక బామ్మ మనవరాలికి నారింజ వొలుస్తోంది.

రెగ్లా ఇంగ్లీషులో మాట్లాడింది. ఒక్క తప్పు లేకుండా, లండన్‌లో ఆరేళ్ళు పనిచేసిన మనిషి మాట్లాడినట్టు. "ఓర్లా, వేలు తియ్యి. బొత్తాం ముట్టుకోకు. అది బాంబు. నన్నే చూడు. మెల్లగా నా చేతిలో పెట్టు."

బాంబు అన్న మాట కన్నా ముందు ఆ ఇంగ్లీషే ఓర్లాని కొయ్యబొమ్మను చేసింది. నోరు తెరుచుకుని ఉండిపోయింది. వేలు బొత్తానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. రెగ్లా ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, రికార్డర్‌ని తన అరచేతిలోకి జారనిచ్చింది. అప్పుడే రైలు ఒక్క కుదుపు కుదిపింది. రెగ్లా తన వేళ్ళని బొత్తానికి దూరంగా, దొప్పలా వంచి పట్టుకుంది.

"సామాను వదిలెయ్. దిగు," అంది.

ఇద్దరూ కదులుతున్న రైల్లోంచి దిగారు. ప్లాట్‌ఫామ్ మీద ఓర్లా కూలబడింది. "నీకు ఇంగ్లీషు వచ్చా?" అని అడిగింది.

*

పోలీసుల బాంబు దళం దాన్ని ఇసుక తొట్టిలో పెట్టి తీసుకెళుతుండగానే రెగ్లా పాఠశాలకు తిరిగొచ్చింది. లొసోయా అప్పటికే అక్కడికి చేరుకున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఇమోజెన్ సూట్‌కేసు సర్దుకుంటోంది.

"నీ ఉద్యోగం పోయినట్టే అనుకో," అన్నాడు లొసోయా. "రెండేళ్ళ పని నాశనం చేశావు."

రెగ్లా సంచిలోంచి రికార్డర్ తీసి బల్లమీద పెట్టింది. ఎర్రదీపం వెలుగుతోంది. "రైల్లో ఓర్లా ఒకసారి నొక్కింది. మేడమ్‌గారి రిపోర్టు ప్రకారం ఇది మామూలుది. అయితే ఆపెయ్యమనండి."

ఇమోజెన్ చెయ్యి చాపలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇదేం నాటకం, ఎవరీ మనిషి?" అంది. గొంతులో మెత్తదనం లేదు.

"మీ మొద్దు విద్యార్థిని," అంది రెగ్లా ఇంగ్లీషులో.

ఇమోజెన్ మొహం పాలిపోయింది.

"చాలించండి ఇద్దరూ," లొసోయా విసుక్కుని బల్ల దగ్గరికొచ్చాడు. "దీనికింత గొడవా? నేనే ఆపుతాను." బొటనవేలు చాపాడు.

"ముట్టుకోకు," అని ఇమోజెన్ కేకపెట్టి, సూట్‌కేసు వదిలేసి గోడమూల నేలకి అతుక్కుపోయింది. రెండు చేతులతో తల కప్పుకుంది.

లొసోయా వేలు గాల్లోనే ఉండిపోయింది. రెగ్లా వంగి, బొత్తాం నొక్కింది. టక్కుమని దీపం ఆరిపోయింది.

"ఇది మీ అల్మరాలోది," అంది. "అసలుది పోలీసుల దగ్గరుంది. సార్, రెండేళ్ళుగా మీకు రిపోర్టులిచ్చిన మనిషిని లేపండి. పట్టుగౌను దుమ్ముకొట్టుకుపోతోంది."

ఫాబెర్ ఆ సాయంత్రమే రేవులో పడవ బేరమాడుతూ దొరికాడు. ఓర్లా సముద్రం ఒడ్డున దుప్పటి కప్పుకుని కూర్చుని రెండు కప్పుల చాక్లెట్ తాగింది. మూడో కప్పుకి ఏడవడం మొదలుపెట్టింది. రెగ్లా ఆమె పక్కనే కూర్చుంది. కోపం తగ్గుతుందేమోనని ఎదురుచూసింది. తగ్గలేదు.

శనివారం పొద్దున ఓడసామాన్ల కొట్టు పైకి వెళ్ళి, లొసోయా బల్లమీది ఫోన్ తీసి, ఉత్తర ఇంగ్లండులో ఒక ఇంటికి చేసింది. విల్ఫ్ తల్లికి. తాగి ఈతకు వెళ్ళి మునిగిపోయాడని ఆమెకు కాగితం అందింది.

"అమ్మా, నేను మీవాడి విద్యార్థినిని," అంది రెగ్లా. "ఆ కాగితం అబద్ధం. మీవాడు తాగలేదు. వాడికి తెలియకుండా వాడి చేత ఒక వస్తువు మోయించారు. అది తెలిసిన మేము ఆపలేదు. నేను రాసి ఊరుకున్నాను. వెళ్ళి చెయ్యిపట్టి ఆపి ఉండాల్సింది."

ఆ తల్లి అడిగింది. "పాఠం బాగా చెప్పేవాడా?"

"ఓపికగా చెప్పేవాడు," అంది రెగ్లా.

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో లొసోయా నిలబడి ఉన్నాడు.

"ఎవరి అనుమతితో చేశావు? ఇదంతా రహస్యం. ఈ ఫోన్‌లో మాట్లాడే ప్రతి ముక్కా రికార్డవుతుంది, మాద్రిద్‌లో వింటారు, తెలుసా?"

"మంచిది," అంది రెగ్లా, సంచి భుజాన వేసుకుంటూ. "రాస్తే చదివి ఊరుకున్నారు. కనీసం విన్నాకైనా ఎవరో ఒకరు కుర్చీలోంచి లేస్తారేమో చూద్దాం."