వేళ్ళు కొరికే మూడో గది

ఆ గేమింగ్ సెంటర్‌లో మూడో గది అంటే అందరికీ హడల్. అక్కడ దెయ్యం ఉందట. మామూలు దెయ్యం కాదు — వేళ్ళు కొరికే దెయ్యం! అప్పటికే ఇద్దరికి కుట్లు పడ్డాయి.

ఇది నాకు చెప్పింది మా బావమరిది. పొద్దస్తమానం తెర ముందు కూర్చుని తుపాకులు పేల్చే వీరుడు. తెరమీద వందమందిని చంపుతాడు, ఇంట్లో బల్లి కనిపిస్తే వాళ్ళక్కని కేకేస్తాడు. నేను దర్జీని, ఒళ్ళు వంచి బతికేవాణ్ణి. ఇలాంటి వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

మర్నాడే వాడికి పోటీ. గెలిస్తే జట్టులో చోటు, ఓడితే నా షాపులో కాజాలు కుట్టాలని వాళ్ళక్క తేల్చి చెప్పేసింది. మంచి మానిటరేమో మూడో గదిలోనే ఉంది. దాంట్లో ఓ సెట్టింగ్ పెడితే పరిగెత్తే మనిషి కూడా అలుక్కుపోకుండా గీసినట్టు కనిపిస్తాడట. దెయ్యమైనా సరేనని, లైటు ఆర్పేసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు మొనగాడు.

కంప్యూటర్ మెషీన్ వేడెక్కకుండా పక్కన ఓ పాత టేబుల్ ఫ్యాన్. జాలీ ఎప్పుడో ఊడిపోయింది. గాలి మెషీన్‌కే, వీడికి తగలదు.

రాత్రి పదకొండు దాటింది… పక్కకి చూశాడు.

ఫ్యాన్ ఆగిపోయి ఉంది. రెక్కలన్నీ నిశ్చలంగా…

ముసలి ఫ్యాన్ కదా, వేలితో ఒక తోపు తోస్తే అదే తిరుగుతుందనుకున్నాడు. చెయ్యి చాపాడు. ఇంకొక్క అంగుళం…

టప్పున లైటు వెలిగింది.

గుమ్మంలో చీపురుతో ఊడ్చే ఆవిడ. ఫ్యాన్ — గిర్రున తిరుగుతోంది!

"అమ్మా… దెయ్యం… ఆగిన ఫ్యాన్‌ని తిప్పేసింది…"

"అది ఆగితే కదయ్యా," అందావిడ మెల్లగా. లైటు ఆర్పింది. ఫ్యాన్ ఆగింది. లైటు వేసింది. ఫ్యాన్ తిరుగుతోంది. "ఆ తెర వెలుగులోనే ఇలా కనిపిస్తుంది. ఆ ఇద్దరికీ చెప్పాను. నా మాట వింటేగా!"

ఆ సెట్టింగ్ పెడితే తెర సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుందట. మన కంటికి తెలీదు. వెలిగినప్పుడల్లా ఏదో ఒక రెక్క సరిగ్గా అదే చోటికి వస్తే, ఫ్యాన్ ఆగినట్టే ఉంటుంది. అదీ దెయ్యం!

వాడు చెప్పిందంతా విని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. "తిరిగే ఫ్యాన్‌లో వేలు పెట్టే మేధావులు! ఊడ్చే ఆవిడకి ఉన్న బుద్ధి మీలో ఒక్కడికీ లేదేంరా?"

"ఒక్కసారి వచ్చి చూడు బావా," అన్నాడు.

వెళ్ళాను. లైటు ఆర్పాడు. గదినిండా మెషీన్ల హోరు. ఫ్యాన్… గోడకి తగిలించిన కత్తెరలా, కదలకుండా ఉంది.

"స్విచ్ కట్టేశావు కదరా?"

"లేదు బావా… తిరుగుతోంది. దగ్గరికి వెళ్ళకు…"

"నాకే చెవిలో పువ్వు పెడతావా? నాకు కళ్ళు లేవా?" అన్నాను. అని…

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది మా అమ్మాయి. నా కుడి చూపుడువేలికి ఐదు కుట్లు. నెల్లాళ్ళు సూది ముట్టుకోకూడదట. వాడు మాత్రం పోటీ గెలిచి జట్టులో చేరిపోయాడు.

రాస్తూ రాస్తూ ఇది ముసిముసిగా నవ్వుతోంది. అంతా మేనమామ పోలిక!