మూడు కొమ్మల ముద్ద

"నీళ్లా? నీళ్లు గిట్ల మూడు కొమ్మలేస్తయా? ఎవలు చదువు చెప్పిన్రండీ మీకు?"

పీహెచ్‌డీ చేస్తున్న లిదియా, కృపానందంతో అన్న మొదటి మాటలివి. 1984 జూలై. బయట వాన. అతను బెంగళూరు నుంచి పెద్ద పెట్టెతో కాజీపేటలో దిగి, తడిసిన చొక్కాతోనే వరంగల్‌లోని ఆ ల్యాబ్‌కు వచ్చి అరగంట కూడా కాలేదు.

పెట్టెలో ఉన్నవి ప్లాస్టిక్ షీట్లు. గింజల నుంచి తీసిన ఒక ప్రోటీన్‌ను లిదియా రెండేళ్లు తంటాలుపడి స్ఫటికాలుగా పెంచింది. కృపానందం బెంగళూరులో వాటి మీద ఎక్స్‌రేలు పంపాడు. ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో లెక్కగట్టి షీట్ల మీద మ్యాప్‌లా గీతలు గీశాడు. షీట్లు పేర్చి కింద లైటు వేస్తే ప్రోటీన్ ఆకారం కనిపిస్తుంది. అంతా సరిపోయింది, ఒక్కచోట తప్ప. అక్కడ ప్రోటీన్‌కు సంబంధం లేని మూడు కొమ్మల ముద్ద ఒకటి కూర్చుంది. అది నీళ్లేమో అన్నాడతను.

"మరేందో మీరే చెప్పుండ్రి మేడమ్. మీ నోట్‌బుక్‌ల స్ఫటికాలకు ఎసిటేట్ ఉప్పు కలిపినట్టు రాసిన్రు. అది గింత పెద్దగుండది."

"నా నోట్‌బుక్‌కు వంకపెట్టెటోడు ఇంక పుట్టలే."

"పుట్టిండు మేడమ్. నెక్కొండల. ఇరవయ్యారేండ్లయింది."

లిదియా మూతి తిప్పుకుంది. నవ్వు కనబడకూడదని.

పదిహేను రోజులు కొట్లాట. అతను ముద్ద మీద చక్కెర అణువు పెట్టి చూశాడు, పట్టలేదు. సల్ఫేట్ చిన్నదైపోయింది. "బెంగళూరుల గిదేనా నేర్పేది?" అంటూ ఆమె ప్రతిసారీ పకపకా నవ్వేది. అతను మర్నాడు ఇంకోటి పట్టుకొచ్చేవాడు.

లిదియా గైడ్ రాజేశ్వర్ రావుకు ఓపిక పోయింది. "గింజల పుట్టిన కొత్త పదార్థమని రాసేద్దాం. శుక్రవారం మద్రాసు మీటింగుల చెప్త" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం లిదియా అలమరలో సీసాలు సర్దుతుంటే సిట్రేట్ అనే ఇంకో ఉప్పు సీసా సగం ఖాళీగా కనిపించింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. స్ఫటికాలు పెట్టిన రోజు ఎసిటేట్ అయిపోతే ఇదే కలిపింది. నోట్‌బుక్‌లో మాత్రం అలవాటు కొద్దీ పాతపేరే రాసింది!

సిట్రేట్ నమూనా కట్టి ముద్ద మీద పెట్టి చూసింది. మూడు కొమ్మలూ మూడుచోట్ల చక్కగా కూర్చున్నాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ షీట్ల కింద ఒక కాగితం ఉంది. కృపానందం చేతిరాత. సిట్రేట్ లెక్కలు. తేదీ సోమవారం.

వరండాలో అతన్ని నిలదీసింది.

"సోమవారమే తెలుసా?"

"తెలుసు. మీ పేరు ఖరాబైతదని చెప్పలే. మ్యాప్ నేనే తప్పు గీసిన్నని సార్‌కు చెప్పెటందుకే పోతాన."

"పేరు కృపానందమైతే నా మీద కృప చూపెడ్తరా? నాకోసం అబద్ధమాడెటోడు నాకెందుకు?"

నేరుగా గైడ్ గదిలోకి వెళ్లి జరిగింది చెప్పేసింది.

"కలిపినదాని పేరు సరిగ రాయరాదా? నీకు పీహెచ్‌డీ ఎందుకమ్మా?" ఆయన ఎగతాళిగా అన్నాడు.

ఆమె తల దించలేదు. "మ్యాప్ నిజమే చెప్పింది సార్. నేనే తప్పు రాసిన. ఎసిటేట్‌తోని మళ్ల పెంచి చూపిస్త."

గుమ్మం దగ్గర నుంచి కృపానందం అన్నాడు. "ఎక్స్‌రేలు మళ్ల నేనే తీస్త సార్."

మద్రాసు ప్రసంగం ఆగిపోయింది. డిసెంబరులో కృపానందం కొత్త షీట్లు తెచ్చాడు. ముద్ద ఉన్నచోట ఏమీ లేదు. గైడ్ ఒక్క మెచ్చుకోలు మాటైనా లేకుండా రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

బయటికి రాగానే కృపానందం గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు జాలితోని దాయలే. మీ తిట్లు వినకపోతె నాకు పొద్దు పోతలేదు."

"ప్రేమించిన్నని చెప్పెటందుకు ఐదు నెలలు పట్టిందా? ఎక్స్‌రేనే నయం."

అతను తెల్లబోయాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఆదివారం చర్చి అయినంక కాజీపేట మా రైల్వే క్వార్టర్‌కు రా. మా నాయినతోని మాట్లాడు."

"ఏమని మాట్లాడాలె?"

"అది గూడ నేనే చెప్పాల్నా?"