ఆనందపురిలో మిరపకాయలు

ప్రేమదాసు మాస్టారు వసారాలో అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో వెనకాల భార్య రెబ్కా కనబడింది. పాత చీర ముక్క తలకు చుట్టుకుంటోంది. అంటే ఇవాళ కూడా మిరప కల్లానికే.

"శనివారం కూడా వెళ్లాలా?"

"హనుమాయమ్మగారి కాయ ఇంకా సగం కూడా తేలలేదండీ."

"హెడ్మాస్టరు భార్య తొడిమలు తీసే కూలికి పోతోందని ఊరు నవ్వుకుంటోంది. నా జీతం చాలటం లేదా మనకి?"

"జీతం మాట ఎవరెత్తారు? ఇంట్లో పొద్దు పోవట్లేదు."

మిరప కోతలు మొదలైనప్పటి నుంచీ ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఇంకోరోజైతే మాస్టారు గొణుక్కుంటూ బడికి పోయేవాడే. కానీ నిన్న సాయంత్రం టీకొట్టు దగ్గర బుల్లయ్య పట్టుకుని, "మాస్టారూ, ఆనందపురిలో ఉల్లిపాయలు కోస్తే జైల్లో పెడతారంటగా, నిజమేనాండీ?" అని అడిగాడు. ఆనందపురి ఏ బస్సు రూట్లో ఉందో ప్రేమదాసుకు అర్థం కాలేదు. తీరా ఆరా తీస్తే, ఆ ఊరు ఏ రూట్లోనూ లేదు. తన కూతురు సంతోషకుమారి తల్లికి తోడుగా కల్లానికి వెళ్లి, తొడిమలు తీసే ఆడవాళ్లకు రోజూ చెబుతున్న కథలో ఉంది.

"సంతోషా, ఇలా రా." గడ్డం మీద సబ్బు ఆరిపోతున్నా పిలిచాడు. "లేని దేశాన్ని ఉన్నట్టు చెబితే దాన్నేమంటారు?"

బి.ఎ. పరీక్షలు రాసి ఇంట్లో ఉంటున్న సంతోష తల వంచుకోలేదు. "కథంటారు నాన్నగారూ."

"అబద్ధమంటారు. నేను చర్చిలో సంఘ పెద్దని. నా కూతురు ఊళ్లో అబద్ధాలు పంచుతుంటే రేపు ఆరాధనలో ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఇవాళ్టితో ఆ దేశం మూతపడాలి. పడకపోతే సోమవారం నుంచి తల్లీకూతుళ్లు ఇద్దరూ గడప దాటొద్దు."

రెబ్కా ముఖంలో నెత్తురు చుక్క లేదు. కల్లానికి పోవద్దన్నందుకు ఇంత బెంగేమిటో ప్రేమదాసుకు బోధపడలేదు. చదువుకున్నవాడే, కానీ కొన్ని పాఠాలు ఆయన సిలబస్‌లో లేవు.

పోయిన వానాకాలం వాళ్ల కొడుకు జయరావు మెదడువాపు జ్వరంతో పోయాడు. గుంటూరు చేరేలోపే తల్లి ఒళ్లో వాలిపోయాడు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక రెబ్కా గుండెలు బాదుకుంటుంటే ప్రేమదాసు వెళ్లి వీధి తలుపు మూసేశాడు. "మన బిడ్డ ప్రభువు దగ్గరున్నాడు. ఏడిస్తే నమ్మకం లేనట్టే. ఈ ఇంట్లో ఏడుపు వినపడకూడదు" అన్నాడు. మళ్లీ వినపడలేదు. పెద్దాయన ఎంత గట్టి విశ్వాసి అని సంఘం మెచ్చుకుంది. ఆ ఇంట్లో పిల్లవాడి పేరు పలికినవాళ్లు లేరు.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం గంట కొట్టించి, భార్యను, కూతుర్ని వెంటబెట్టుకుపోదామని ప్రేమదాసు సైకిలు మీద కల్లానికి బయల్దేరాడు. నేలంతా ఎర్రగా పరిచిన కాయల మధ్య ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఘాటుకి మాస్టారి గొంతు పట్టేసింది. కాయలు నింపి పేర్చిన బస్తాల చాటున ఆగి దగ్గు అణుచుకుంటుంటే కూతురి గొంతు వినిపించింది.

"ఆనందపురిలో పొద్దున్నే రుమాలు బంట్రోతులు ఇంటింటికీ వస్తారు. తెల్ల రుమాలుతో అందరి బుగ్గలూ తుడుస్తారు. రుమాలు కన్నీళ్లతో తడిస్తే ఆ మనిషిని పట్టుకుపోతారు."

పిలుద్దామనుకున్న ప్రేమదాసు అక్కడే సైకిలుకు స్టాండు వేశాడు.

"పసిపిల్లల సంగతేందమ్మా? వాళ్లకి చట్టం ఏం తెలుస్తది?" అని అడిగింది మౌలాబీ.

"పాలు మరిచేదాకా మాఫీ, మౌలాబీ."

"అప్పగింతలప్పుడో?" ఇది కల్లం యజమానురాలు హనుమాయమ్మ. కూలివాళ్ల చేతులు ఆగితే కేకలేయాల్సిన మనిషి, తనే కాయ పట్టుకుని మర్చిపోయింది. "పిల్లని అత్తారింటికి పంపుతూ ఏడవని తల్లి ఉంటదటే?"

"పెళ్లి పందిట్లో ఒక బంట్రోతు కాపలా ఉంటాడండీ. తల్లి నవ్వుతూ చెయ్యూపాలి."

"వాడి దుంపతెగ. మరి పొయ్యి ఊదితే?"

"పొయ్యి ఊదేందుకు లైసెన్సు తీసుకోవాలి."

ఆడవాళ్లంతా నవ్వారు. బస్తాల వెనక ప్రేమదాసుకీ నవ్వొచ్చింది. వచ్చిన పని మరిచిపోయి, ఎవరైనా నాటకంలో ఏడుపు పాత్ర వేయాల్సొస్తే ఏం చేస్తారబ్బా అని ఆలోచించాడు. తనకే సిగ్గేసి, ఈ ఒక్క ముక్కా విని పిలుద్దామనుకున్నాడు.

"అయితే ఆ దేశంలో మిరప పండిస్తారా, పండించరా?" హనుమాయమ్మ అసలు ప్రశ్న అడిగింది. రైతు బుద్ధి ఎక్కడికి పోతుంది.

సంతోష తడబడింది. అది ఆమె ఆలోచించుకోలేదు. అప్పుడు, ఇన్నాళ్లూ కథలో పెదవి విప్పని రెబ్కా తలెత్తకుండానే మాట్లాడింది.

"పండిస్తారు. ఆ దేశంలో ఒకావిడ ఉంది. వాళ్లాయనకి మంచి ఉద్యోగం, కూలికి పోవలసిన అవసరం లేదు. అయినా రోజూ మిరప కల్లానికి పోయేది. అక్కడ కళ్లెమ్మట నీళ్లు కారినా బంట్రోతు అడగడు. ఘాటమ్మా అంటే సరిపోతుంది. కడుపునిండా ఏడ్చుకుని, పొద్దుగూకేసరికి మొహం కడుక్కుని ఇంటికి పోయేది."

మౌలాబీ తన కొంగుతో రెబ్కా చెంపలు తుడిచింది. హనుమాయమ్మ చేతిలో కాయ పడేసి అడిగింది. "అంత పాడు చట్టం ఎవడు చేశాడే అమ్మాయ్? రాజు రాక్షసుడా?"

సంతోష జవాబు చెప్పేలోపు బస్తాల వెనక నుంచి ప్రేమదాసు బయటికొచ్చాడు. ఆయన ముఖం కాయలకన్నా ఎర్రగా ఉంది.

"ఇంటి గుట్టు తెచ్చి కల్లంలో ఆరబోస్తారా? లెండి ఇద్దరూ."

రెబ్కా లేవలేదు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన మాటకు లేవలేదు. "గుట్టు కాదండీ. నా బిడ్డ. మీరు తలుపేశారు. తొమ్మిది నెలలు మోసిన దాన్ని, వాడి పేరెత్తి ఏడవడానికి మీ ఇంట్లో చోటు లేక ఇక్కడికొస్తున్నాను. ఇదీ మాన్పిస్తే నేనెక్కడికి పోవాలో మీరే చెప్పండి."

ప్రేమదాసు సైకిలు తిప్పుకున్నాడు. ఎక్కడం మరిచిపోయి, ఊరిదాకా నడిపించుకుంటూ పోయాడు.

సాయంత్రం తల్లీకూతుళ్లు ఇంటికొచ్చేసరికి ప్రేమదాసు వసారాలో కుర్చీలో ఉన్నాడు. దీపం పెట్టే వేళయింది. రెబ్కా ఏమీ జరగనట్టే ఇంటి వాడకానికి హనుమాయమ్మ ఇచ్చిన కాయలు చేటలో పోసుకుని గడప దగ్గర కూర్చుంది. సంతోష తిట్లకు సిద్ధపడి నిలబడింది.

"ఆ రాజు సంగతి చెప్పావా వాళ్లకి?" అని అడిగాడు ప్రేమదాసు.

"లేదు నాన్నగారూ. కథ ఆపేశాను."

"రాక్షసుడనే చెబుదామనుకున్నావా?"

"మొదట అలాగే అనుకున్నాను. ఇప్పుడు తెలియటం లేదు. ఎందుకు చేశాడో తెలియకుండా ఎలా ముగించను?"

ప్రేమదాసు కుర్చీ చెయ్యిని గోరుతో గీకాడు. తర్వాత, బళ్లో పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టాడు. "రాక్షసుడు కాదమ్మా. వాడికీ ఒక కొడుకుండేవాడు. ఆ కొడుకు పోయాడు. తను ఒకసారి మొదలుపెడితే ఇక ఆపుకోలేనని రాజుకి భయం. పక్కన ఇంకెవరు ఏడ్చినా తనకీ వచ్చేస్తుంది. అందుకని దేశమంతా..." పాఠం అక్కడ ఆగింది.

రెబ్కా చేటతో సహా జరిగి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. చేట ఆయన ఒళ్లో పెట్టింది. "తొడిమలు తియ్యండి. ఎవరన్నా అడిగితే ఘాటని చెబుదాం."

ప్రేమదాసు ఒక కాయ తీసుకున్నాడు. తొడిమ తుంచలేదు. కాయను మళ్లీ చేటలో వేసి, చేటను పక్కనున్న అరుగు మీదికి జరిపేశాడు.

"వద్దు రెబ్కా. ఇవొద్దు." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "జయా... మా జయా..."

ఏడవడం రానివాడిలా ఏడ్చాడు, గుక్క తిప్పుకోలేక. రెబ్కా ఆయన మోకాళ్ల మీద తలవాల్చి తనూ ఏడ్చింది. ఇన్నాళ్లూ కల్లంలో చప్పుడు లేకుండా కార్చినవి కాక, ఇంకా మిగిలిన ఏడుపంతా గట్టిగా ఏడ్చింది. వీధిలో పోతున్న బుల్లయ్య ఆగి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

సంతోష కళ్లు తుడుచుకుంటూ అలవాటు కొద్దీ వీధి తలుపు వేయబోయింది.

"ఉండనీ అమ్మా," అన్నాడు ప్రేమదాసు.