సంగం రేవులో బిగిసిన మర

ధాత కరువు వెళ్లిపోయిందని సర్కారువారు కాగితం మీద రాసుకున్నారు గాని, ఆత్మకూరు తాలూకాలో కడుపులకు ఆ కబురు ఇంకా అందలేదు. అలాంటి రోజుల్లో ఒక ఉదయం సంగం రేవు నుంచి రోశమ్మ నడిచివచ్చి, ప్రైవేటు అపరాధ పరిశోధకుడు వెంకటరమణయ్య అరుగు ముందు కూలబడింది. ఆమె మొగుడు మునెయ్య సర్కారు పడవ నడుపుతాడు. గంజి కేంద్రానికి పోవలసిన పది బస్తాల బియ్యం నడిఏట్లో మునిగాయి. బియ్యం ముందే అమ్ముకుని పడవ ముంచాడని తహసీల్దారు అతణ్ణి కట్టేయించాడు. రేపు నెల్లూరు జైలుకు పంపుతారు.

"డబ్బా విప్పింది మా ఇంటాయన కాదు సామీ," అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఎవరికుంది గనక!

సహాయకుడు హుసేనయ్య పాత కమ్మరి. ఏ డబ్బానో అతనికి అర్థం కాలేదు. అయ్యగారికి అర్థమయ్యే ఉంటుందిలే అనుకున్నాడు. ఆయన బుర్ర మీద అతనికంత గురి.

పడవ వెనక తగిలించిన మర ఏ దొరో వదిలిపోయిన పాత సరుకు. పైన పిడి తిప్పితే కడ్డీ తిరిగి, నీళ్లలోని అడుగు డబ్బాలో పళ్లచక్రాలు రెక్కలను తిప్పుతాయి. నడిఏట్లో ఆ మర బిగిసిందనీ, పడవ వరదకు తిరగబడిందనీ రేవులో అందరూ చెప్పారు.

ఒడ్డుకు లాగిన పడవ మర నుంచి అడుగు డబ్బా ఊడదీయమన్నాడు వెంకటరమణయ్య. హుసేనయ్య ముందు కడ్డీ మేకు లాగి, నాలుగు మరమేకులూ తిప్పి, వంకరపోకుండా డబ్బాను నిలువునా కిందికి దించాడు. ఇత్తడి చక్రాల పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ కూరి ఉండవలసిన మేక కొవ్వు పిసరైనా లేదు. మూలల్లో గీతలు, ఒక సందులో ఆల్చిప్ప ముక్క. అంచున తోలు బిళ్ల చెక్కుచెదరలేదు.

సాయంత్రం వెంకటరమణయ్య తహసీల్దారునూ, మునెయ్యనూ, రేవు జనాన్నీ ఒకచోట కూర్చోబెట్టాడు.

"కొవ్వు లేకపోతే మర బిగుస్తుందని మునెయ్యకు తెలుసు. తెలిసీ తానే పడవెక్కుతాడా? దొంగైతే ఇత్తడి వదలడు. తోలు బాగుంది గనక కొవ్వు కారిపోలేదు. ఇక్కడ గిన్నె గీకినట్టే ఆల్చిప్పతో గీకి తీశారు. తినడానికి."

ఆకలి రుచెరగదు. తహసీల్దారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మర బిగిసిందన్నారు అందరూ. డబ్బా విప్పారని మాత్రం ఒక్కరే అన్నారు." వెంకటరమణయ్య గొంతు తగ్గించాడు. "రోశమ్మా."

"నేనే సామీ. బిడ్డకు కాచి పోసినాను. రెండు దినాలు లేచి కూసున్నాది. ఇప్పుడు లేదు."

మునెయ్య కట్లు విప్పారు. అతను ఇసుకలోకి చూస్తూ ఉండిపోయాడు. రోశమ్మ తానే చేతులు చాచి బంట్రోతునడిగింది. "జైల్లో సంగటి పెడతారంటనే, నిజమేనా?"

రెండు పూటలా పెడతారన్నాడు బంట్రోతు.

ఆ మాట విని జనంలోంచి ముసలి కామమ్మ లేచి, డబ్బా పట్టుకున్నది తానేనంది. మేకులు తిప్పింది తానేనన్నాడు సిద్ధయ్య. వాళ్ల వెనక ఇంకొకరు, ఇంకొకరు.

హుసేనయ్య అయ్యగారి వైపు చూశాడు. ఎవరిది అబద్ధమో ఆయనకు తెలుసు. ఆయన నోరు విప్పలేదు. జనం ఒకరినొకరు తోసుకోకుండా, సంకెళ్ల కోసం వరసలో నిలబడ్డారు.