అరగంట పని

"మీ డిస్క్ నన్ను నిలువునా ముంచింది!" అంది ల్యాబ్ మేడమ్ ఫోన్లో. హలో లేదు, నమస్కారం లేదు.

"కంగారు పడకండి. స్క్రీన్ మీద ఏమొచ్చింది?" అన్నాడు మెకానిక్.

"మెనూ బ్రహ్మాండంగా వచ్చింది. మూడోది నొక్కితే బూట్ ఫైల్ దొరకలేదంటోంది. క్లాసు క్లాసంతా నా మొహమే చూస్తోంది."

రెండేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక ఆమెకు ఈ స్కూల్లో ఉద్యోగం దొరికింది. అదీ ఆర్నెల్లు పని చూసి, ఉంచాలో పంపాలో తేలుస్తామనే షరతు మీద. ల్యాబ్‌లో అన్నీ వయసు మీరిన కంప్యూటర్లే, తరచూ ఏదో ఒకటి పడకేసేది, సిస్టమ్ మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. అందుకే షాపు మెకానిక్ నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే డిస్క్‌లో ఎక్కించి ఇచ్చాడు, తన పనితనానికి తనే మురిసిపోతూ.

ఫోన్ పెట్టేసిన కాసేపటికే అతను వానలో తడిసి ముద్దై వచ్చాడు. ఆమె మానిటర్లు తుడిచే గుడ్డ విసిరింది.

"ముందు తల తుడుచుకోండి. కీబోర్డు మీద కారుతోంది."

మెనూ చూడగానే నాలిక్కరుచుకున్నాడు. ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, మెనూలో ఇంకో ఫోల్డర్ పేరు రాశాడు. అక్కడికక్కడే సరైన పేరు టైప్ చేస్తే ఇన్‌స్టాలేషన్ కదిలింది. కానీ అది ఆ ఒక్కసారికే. డిస్క్‌లో తప్పు డిస్క్‌లోనే ఉంటుంది, కొత్తది రైట్ చేసివ్వాలి. అరగంట పని.

ఆ మాటే చెప్పబోయి తలెత్తాడు. గుడ్డకున్న దుమ్మంతా అతని నుదుటికి అంటుకుందని ఆమె పగలబడి నవ్వుతోంది. ఇంకేం చెప్తాడు?

"పాత డ్రైవులు మేడమ్, అప్పుడప్పుడు మొరాయిస్తాయి. ఒక్క ఫోన్ కొట్టండి, వచ్చేస్తా."

ప్రేమలో పడ్డ మగాడి తెలివి ఎలా ఉంటుందో చూడండి మరి.

ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

"మీ డిస్క్ మళ్లీ అలిగింది."

"బుజ్జగించడానికి బయల్దేరా."

"మెకానిక్ గారూ, ఒక్క లైను టైప్ చేయడానికి ఇంతసేపా?"

"స్పెల్లింగ్ వీకు మేడమ్."

ఫ్లాస్కులో టీ చెరి సగం అయ్యేది. ఆమె చూపు స్క్రీన్ మీద కంటే అతని వేళ్ల మీదే ఎక్కువ ఉండేది. అదంతా తన అదృష్టమే అనుకున్నాడతను. ఒకరోజు ప్రిన్సిపాల్ గుమ్మంలో ఆగి, "మళ్లీ ఈయనేనా?" అంది. ఆవిడ అటు వెళ్లగానే ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆర్నెల్లు నిండిన రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త డిస్క్ పట్టుకుని వచ్చాడు. నాలుగు సిస్టమ్‌లూ నడిపి చూపించాడు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

"దీనికి ఎంతసేపు పట్టింది?" అంది ఆమె.

"అరగంట."

"మరి ఇన్నాళ్లూ?"

అతను సిగ్గుపడుతూ నవ్వాడు. "బాగుచేసేస్తే మీరు నన్నెందుకు పిలుస్తారు? మీరంటే నాకు ప్రాణం. అమ్మకి కూడా చెప్పేశా. రేపు మీ ఇంటికొచ్చి మాట్లాడతానంది."

అప్పటికి గాని అతని కంట పడలేదు, ఆమె బల్ల మీద ఒక్క వస్తువూ లేదు. ఫ్లాస్కు సంచిలో ఉంది.

"పొద్దున ప్రిన్సిపాల్ పిలిచింది. చీటికీ మాటికీ షాపు మనిషిని పిలిచే టీచర్ మాకెందుకంది. నాకూ వచ్చు మేడమ్ అన్నా. నమ్మలేదు."

"మీకు వచ్చా?"

"మీ వేళ్లు చూసి రెండోసారే నేర్చుకున్నా. డిస్క్ బాగుపడదనే అనుకున్నా గానీ, ఆ లైను కళ్లు మూసుకుని కొట్టగలను. మీరు వస్తారని పిలిచేదాన్ని."

అతని మొహం వెలిగిపోయింది. "అంటే మీరు కూడా! ఇద్దరం ఒకే పని చేశాం కదండీ!"

"ఒకే పనా?" అంది ఆమె. "మీ కోసం నేను నా ఉద్యోగం పణంగా పెట్టా. నా కోసం మీరు పణంగా పెట్టిందీ నా ఉద్యోగమే."

అతను ప్రిన్సిపాల్‌కి చెప్తానంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. ఏమని చెప్తాడు?

ఆమె సంచి భుజాన వేసుకుంది.

"అమ్మగారిని రేపు రావద్దనండి. డిస్క్ మాత్రం ఇక్కడే ఉంచండి. నా తర్వాత వచ్చే టీచర్‌కి మిమ్మల్ని పిలిచే అవసరం ఉండదు."