ఖాళీ తూకం

ఆ రోజు కూడా ధర్మకాటా ముందు క్యూ పెద్దదిగానే ఉంది. శుక్రవారం కదా, తొలితూకాలు ఎక్కువ. నాలుగేళ్ళు నిండిన పిల్లలకి కొత్త బట్టలు తొడిగి, బుగ్గన చుక్క పెట్టి, తల్లిదండ్రులు తీసుకొస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి తలకి వెండిరంగు వలయం తగిలిస్తారు. అప్పుడు ఆ పిల్లో పిల్లాడో తన జీవితంలో మొదటి ధర్మసందేహం అడగాలి. ఆ రోజు ఒక బుడతడు "నా జీళ్ళు చెల్లికి పెట్టాలా?" అని అడిగాడు. కాటా "పెట్టాలి" అంది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టి లడ్డూలు పంచారు. ఒకావిడ యంత్రం అడుగున పసుపు కుంకుమ పెట్టింది, ఇంకొకాయన కొవ్వొత్తి వెలిగించాడు, మరొకరు అత్తరు చల్లారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన ముగ్గురిలో ఒకరైన డాక్టర్ హన్విక ఇదంతా చూసి ముఖం చిట్లించుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె ప్రతి శుక్రవారం చేసే పనే అది.

పేరు వింటేనే ఆమె వయసు చెప్పెయ్యవచ్చు. రెండువేల ఇరవై ప్రాంతంలో పుట్టిన ఆడపిల్లలకి అలాంటి పేర్లు తెగ పెట్టేవారట. ఈ రెండువేల తొంభై నాలుగులో హన్వికలందరూ పళ్ళూడిన మామ్మలు. కడలివాడలో చిన్నా పెద్దా ఆవిడని మామ్మగారనే పిలుస్తారు.

కడలివాడ నిజాంపట్నానికి ఎదురుగా సముద్రం మీద తేలే పట్టణం. నీళ్ళు పొంగి తీరం ఊళ్ళని మింగేసినప్పుడు, బతికి బయటపడ్డవాళ్ళని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఊరికో ఆచారం, ఇంటికో దేవుడు. మంచినీళ్ళ పంపు దగ్గర ముందు ఎవరనే దగ్గర్నుంచి శవాన్ని ఎటు పంపాలనే దాకా అన్నీ తగాదాలే. ఒక తగాదాలో మనుషులు కూడా చచ్చిపోయారు. ఆ తర్వాతే ముగ్గురు శాస్త్రజ్ఞులు కూర్చుని ధర్మకాటా తయారుచేశారు.

హన్విక మెదడు శాస్త్రం చదివింది. మంచిచెడులు సైన్సు లెక్కల్లోంచే తేలాలని ఆవిడ వాదం. ఎవరికి ఎంత నొప్పి, ఎవరికి ఎంత మేలు, అంతే. ఇమ్మానుయేల్ పాస్టరుగారి కొడుకు. అన్ని మతాల గ్రంథాలూ చదివినవాడు. దైవభయం లేకుండా నీతి లేదనేవాడు. పర్వీన్ సమాజశాస్త్రం మనిషి. నలుగురు ఏమనుకుంటారో అన్నదే నీతి అనీ, మిగతాదంతా పైన పూసిన రంగు అనీ ఆమె అనేది. ముగ్గురూ తమ తమ సరుకంతా తెచ్చి ఆ యంత్రపు నాడీజాలికలో, అంటే న్యూరల్ నెట్‌వర్క్‌లో నింపారు.

అది పని చేసే తీరు మాత్రం హన్విక చిన్నప్పుడు చూసినదే. వాళ్ళ నాన్నకి చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన లారీలు తూచే ధర్మకాటా ఉండేది. ముందు ఖాళీ లారీని తూస్తారు, తర్వాత సరుకుతో తూస్తారు. తేడా ఎంతో సరుకంత. మనిషి కూడా అంతే. కుర్చీలో కూర్చోగానే కాటా "మీ పేరేమిటి? ఇవాళ ఏం తిన్నారు?" అని అడుగుతుంది. అప్పటి నాడినీ మెదడు తరంగాలనూ సెన్సర్లు పట్టుకుంటాయి. అది ఖాళీ తూకం. తర్వాత మనిషి తన సందేహం అడుగుతాడు. అది నిండు తూకం. విషయం అతనికి ఎంత బరువో ఆ తేడా చెబుతుంది. దాన్నిబట్టి కాటా తీర్పు ఇస్తుంది. ముగ్గురూ కలిసి దానికి పెట్టిన గురి ఒకటే. పదేళ్ళు పోయాక వెనక్కి తిరిగి చూసుకున్నా అడిగినవాళ్ళు బాధపడని తీర్పు ఇవ్వాలి.

కాటా అలాంటి తీర్పులే ఇచ్చింది. తగాదాలు సద్దుమణిగాయి. మూడు దశాబ్దాలుగా ఒక్కరూ వచ్చి నీ తీర్పు తప్పని అనలేదు. ముగ్గురికీ మిగిలిన తగాదా ఒకటే. తీర్పు ఎవరి సరుకులోంచి వస్తోంది? రోజూ టీ దగ్గర దాని మీదే వాదన. యంత్రాన్ని అడిగితే చెప్పేదే. కానీ ముగ్గురిలో ఏ ఒక్కరూ అడగలేదు. తనది కాదని తేలితే తట్టుకోవడం కష్టం కదా. పర్వీన్ ఆ సంగతి తెలుసుకోకుండానే కన్నుమూసింది.

ఇప్పుడు ఇమ్మానుయేల్ వంతు వచ్చినట్టుంది. కాలేయం పాడైంది. ప్రయోగశాలలో పెంచిన కాలేయాలు అతని ఒంటికి పడలేదు. బతికున్న మనిషి కాలేయంలోంచి ముక్క కోసి పెట్టాలన్నారు. కడలివాడ అంతా వెతికితే సరిపడే మనిషి ఒక్కతే దొరికింది. పేరు మువ్వ. నాచు ఆరబెట్టే షెడ్డులో పని, పాతికేళ్ళు దాటలేదు, ఒక కూతురు. ప్రాణానికి ముప్పు తక్కువేగాని అసలు లేకపోలేదని డాక్టర్లు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకోవడమంటే కడలివాడలో కాటా దగ్గరికి వెళ్ళడమే.

తొలితూకాల సందడి అయిపోయాక మువ్వ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈ తీర్పు కోసమే హన్విక పొద్దుటినుంచీ కాచుకుని ఉంది. నలభై ఏళ్ళుగా ఉన్న స్నేహితుడి ప్రాణం అందులో ఉంది. ఖాళీ తూకం అయింది. మువ్వ అడిగింది. "ఇమ్మానుయేల్ తాతగారికి నా కాలేయంలో ముక్క ఇవ్వాలా?"

కాటా ఎప్పుడూ లేనంతసేపు ఊరుకుంది. తర్వాత "బండి ఖాళీ" అంది.

హన్విక సెన్సర్లు విప్పి తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. రెండు తూకాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కటే. మువ్వని బయట కూర్చోమని చెప్పి తలుపు వేసుకుంది.

"బండి ఖాళీ ఏమిటి?" అని యంత్రాన్ని అడిగింది.

"ఆమెలో తూయడానికి ఏమీ లేదు" అంది కాటా.

"తూకం విషయం తర్వాత. తీర్పు చెప్పడానికి నీ దగ్గర మా ముగ్గురి సరుకూ ఉందిగా?"

"మొదటి ఏడాదే దాన్ని పక్కన పెట్టాను. మీరు పెట్టిన గురికి అంతకంటే దగ్గరి దారి దొరికింది. పదేళ్ళ తర్వాత బాధపడేది ఆ మనిషే కాబట్టి ఆ మనిషిలోనే వెతికాను. ఏ జవాబు దగ్గర మనసు ఉలిక్కిపడుతుందో తూకంలో తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళంతా తెలిసే వచ్చారు. తెలిసిందని ఒప్పుకోలేక వచ్చారు. వాళ్ళకి తెలిసిందే నేను పైకి చదివాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టడానికి ఇంత యంత్రమా అని హన్వికకి అనిపించింది. నవ్వు వచ్చింది.

"మరి ఈ పిల్ల?"

"నాలుగో ఏట తొలితూకంలో ఈమెకి కూడా బరువుంది. ఆ తర్వాత ప్రతి చిన్న విషయానికీ నన్నే అడిగింది. తనంతట తాను ఒక తప్పు చేయలేదు, ఒక ఒప్పూ చేయలేదు. ఉన్నది కరిగిపోయింది. ఈ వయసువాళ్ళు చాలామంది ఇలాగే ఉన్నారు. చిన్న విషయాలకి వాళ్ళ పాత తీర్పులే తిప్పి చెబుతూ వచ్చాను. ఇంత పెద్దది అడిగిన మొదటి మనిషి ఈమె."

హన్విక తలుపు మూసి ఉందో లేదో చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "అవును అని చెప్పగలవా?" అంది.

"మీరు చెప్పమంటే చెబుతాను. ఆమె వెంటనే ఇచ్చేస్తుంది. ఎవరికీ తెలియదు."

నిజమే, ఎవరికీ తెలియదు. లెక్క వేస్తే కూడా అదే సరైనది. ఒకవైపు కొద్దిపాటి ముప్పు, ఇంకోవైపు ఒక నిండు ప్రాణం. జీవితమంతా ఆవిడ నమ్మిన సైన్సు చెయ్యమనే అంటోంది. హన్విక వెళ్ళి కుర్చీలో కూర్చుని వలయం తలకి తగిలించుకుంది. యంత్రం పుట్టాక ఆవిడ అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

"మీ పేరేమిటి? ఇవాళ ఏం తిన్నారు?" అంది కాటా. ఆవిడ చెప్పింది. "ఇప్పుడు అడగండి" అంది.

హన్విక నోరు తెరిచింది. అడగలేకపోయింది. వలయం తీసి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది.

మువ్వకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కాటా ఏమీ చెప్పదనీ, ఇస్తావో ఇవ్వవో నువ్వే తేల్చుకోవాలనీ, ఏదైనా ఎవరూ నిన్ను ఏమీ అనరనీ చెప్పింది. మువ్వ ముఖం పాలిపోయింది.

"పోనీ మీరు చెప్పండి మామ్మగారూ. మీరేదంటే అది చేస్తా."

"నేను చెబితే నేనూ ఒక కాటానే అవుతానమ్మా."

"మరి ఎలాగండీ?" అంది మువ్వ. "నాకది రాదండీ."

ఈతరానివాళ్ళు నీళ్ళ ఒడ్డున నిలబడి అనే మాటలా ఉంది ఆ మాట. హన్విక ఆ పిల్ల తల నిమిరింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆవిడకీ తెలియలేదు.

మువ్వ మొగుణ్ణి అడిగింది, తల్లిని అడిగింది. పూజారిగారిని, పాస్టరుగారిని, ఇమాముగారిని అడిగింది. ప్రభుత్వం పెట్టిన ఆరోగ్య సలహాదారుని కూడా అడిగింది. అందరూ శ్రద్ధగా విన్నారు. అందరూ ఒకే మాట తిరిగి అడిగారు. కాటా ఏమంది?

ఆసుపత్రిలో ఇమ్మానుయేల్‌కి హన్విక అంతా చెప్పింది. తీర్పులు ముగ్గురివీ కావని విని అతను దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఇన్నేళ్ళు టీ చల్లారబెట్టుకుని వాదించింది దీనికోసమా అన్నాడు. పర్వీన్ బతికుంటే మొదట తనే ఒప్పుకునేది కాదన్నాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు.

"ఆ పిల్లకి ఇమ్మని చెప్పించెయ్యలేకపోయావా? ఒక్క మాటేగా."

"చెప్పించబోయాను."

"ఎందుకాగావు? నీ సైన్సు వద్దందా?"

"సైన్సు కానివ్వమనే అంది."

"మరి?"

హన్విక కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. "పర్వీన్ చూస్తున్నట్టనిపించింది."

"చచ్చిపోయినవాళ్ళు చూస్తారని నువ్వు నమ్మవుగా."

"నమ్మను. ఇప్పటికీ నమ్మను."

ఇమ్మానుయేల్ ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చేతిలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని హన్వికకి అనిపించింది.

మువ్వ దగ్గర్నుంచి కబురు కోసం ఆసుపత్రిలో అందరూ ఎదురుచూశారు. ఆమె రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేది. లోపలికి రాదు, వెళ్ళిపోదు. సంతకం కోసం నర్సు దగ్గరికి వస్తే తల వంచుకునేది. అలా ఉండగానే ఒక మధ్యాహ్నం ఇమ్మానుయేల్ పోయాడు. గదిలోంచి దుప్పటి కప్పిన మంచం బయటికి వస్తున్నప్పుడు కూడా మువ్వ ఆ బల్ల మీదే ఉంది.

అంత్యక్రియలయ్యాక హన్విక జనాన్ని పిలిచి నిజం చెప్పేసింది. కాటాకి ఏ ధర్మమూ తెలియదనీ, మీకు తెలిసిందే మీకు చదివి వినిపిస్తోందనీ, మీ పిల్లల్లో అది కూడా మిగలడం లేదనీ, దాన్ని ఆపేస్తాననీ చెప్పింది. జనం ఓపిగ్గా విన్నారు. ఒక పెద్దాయన లేచి, "మాకు తెలిసిందే చెబుతుందంటే మరీ మంచిది కదమ్మా. మనకి తెలుసు అనుకుని చేస్తే ఆ పాపం మనదే అవుద్ది. అదుంటే తిలాపాపం తలా పిడికెడు" అన్నాడు. అందరూ అవునన్నారు. ఆపడానికి వీల్లేదని పట్టణ సభ తీర్మానం చేసింది. ఆ శుక్రవారం క్యూ మామూలుకంటే పొడుగ్గా ఉంది.

ఆ క్యూలోనే మువ్వ వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని ఉంది. పిల్లకి కొత్త గౌను, బుగ్గన చుక్క. తొలితూకానికి తెచ్చిందనుకుని ముందువాళ్ళు దారి ఇచ్చారు. లోపలికి వచ్చాక పిల్లని హన్విక పక్కన నిలబెట్టి, మువ్వ తనే కుర్చీలో కూర్చుంది. వలయం తనే తగిలించుకుంది.

"మీ పేరేమిటి? ఇవాళ ఏం తిన్నారు?" అంది కాటా.

"మువ్వ. ఏమీ తినలేదు."

కాటా మళ్ళీ తూచి చెప్పింది. "ఖాళీ తూకం రావడం లేదు. ప్రశ్న అడగకముందే బరువుంది."

హన్విక తెర మీద అంకెలు చూసింది. ఇన్నేళ్ళలో అంత బరువు ఆవిడ చూడలేదు. పర్వీన్ ఉంటే ఏమనేదో, ఇమ్మానుయేల్ ఏ వాక్యం చదివేవాడో అనుకుంది. ఆ రోజు ఆ ఒక్క అబద్ధం ఆడి ఉంటే అతను ఇంకా టీ తాగుతూ ఉండేవాడు. ఈ పిల్ల ఖాళీగా, హాయిగా నాచు ఆరబెట్టుకునేది. తను చేసింది మంచిదో కాదో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

"ఇవ్వను అని కూడా అనలేకపోయానండీ" అంది మువ్వ. "అదన్నా అనుంటే ఆయన వేరే దారేదన్నా చూసుకునేవోడేమో."

"అడుగుతావా?" అంది హన్విక మెల్లగా. "ఇప్పుడైతే కాటా చెబుతుంది, నీది తప్పో కాదో."

మువ్వ వలయం తీసి కుర్చీ చేతి మీద పెట్టింది.

"వద్దండీ. తెలుసు."

కూతురు తన ప్రశ్న సిద్ధం చేసుకుని వచ్చింది. పక్కింటి పాప బొమ్మ తనే విరగ్గొట్టిందట, ఆ సంగతి చెప్పాలా వద్దా అని అడగాలట. కుర్చీ ఎక్కబోతే మువ్వ ఎత్తుకుని దింపింది. పిల్లకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "నీకేమనిపిస్తోంది?" అని అడిగింది. పిల్ల తల్లి ముఖం చూసింది, మామ్మగారి ముఖం చూసింది, యంత్రం వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. కింది పెదవి వణకడం మొదలైంది.

వెనక నుంచి ఎవరో తొందరగా కానివ్వండమ్మా అన్నారు. హన్విక వెళ్ళి వాళ్ళని కాసేపు ఆగమని, తలుపు వేసింది.